తేదీకి అవతల మిగిలిన హక్కులు

నల్లగొండ సీమలో పౌరస్వేచ్ఛ: 6వ భాగం

1947కు ముందు బెజవాడ నుంచి హైదరాబాదుకు రహదారి మీద ప్రయాణించేవారు జగ్గయ్యపేట దాటిన తరువాత కొద్ది గంటల వ్యవధిలోనే మూడుసార్లు చట్టాన్ని మార్చుకోవలసి వచ్చేది. కోదాడ నిజాం సంస్థానంలోనిది, హుజూర్‌నగర్ తాలూకాకు చెందినది. అది దాటగానే వచ్చే మునగాల పరగణా నాలుగువైపులా నిజాం రాజ్యం చుట్టుముట్టి ఉన్నా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు, నందిగామ తాలూకాకు చెందినది. మునగాల దాటి సూర్యాపేట చేరేసరికి మళ్లీ నిజాం కొత్వాళ్లు, నిజాం కోర్టులు, ఉర్దూలో సాగే వ్యవహారం ఎదురయ్యేవి. నడిగూడెం కోట నుంచి మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గ్రంథాలయాలకూ గ్రంథప్రచురణకూ అండగా నిలవగలిగారంటే, అందుకు వారి అభిరుచి ఎంత కారణమో వారి పరగణా బ్రిటిషు చట్టం కింద ఉండడమూ అంతే కారణం. ఆ చట్టం ఉదారమైనదని కాదు. సభ పెట్టుకోవడానికీ పత్రిక నడుపుకోవడానికీ అది ఇచ్చిన కొద్దిపాటి వెసులుబాటు నాలుగు మైళ్ల అవతల లేదు. ఒక మనిషికి ఉన్న స్వేచ్ఛ ఎంతో తేల్చే హద్దులు ఊళ్ల మధ్య పొలిమేరరాళ్ల వెంట పోవడం ఈ సీమకు చాలాకాలం అలవాటైన విషయం. 1950 తరువాత ఆ హద్దు నేల మీద నుంచి కేలండరులోకి మారింది. ఈ భాగం ఆ మార్పు కథ.

నిజాం రాజ్యంలో సభాస్వాతంత్ర్యం ఏ స్థితిలో ఉండేదో గత సంచికలో కొంత ప్రస్తావనకు వచ్చింది. 1929 ప్రాంతంలో జారీ అయిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభ జరపదలచినవారు అధికారుల నుంచి ముందుగా అనుమతి పొందవలసి ఉండేది. గస్తీ అంటే కింది అధికారులందరికీ పంపే సర్క్యులర్, నిషాన్ అంటే దాని సంఖ్య; శాసనసభ ఆమోదించిన చట్టం కాకపోయినా ప్రజల దృష్టిలో దానికి చట్టాన్ని మించిన బలం ఉండేది, ఎందుకంటే అనుమతి నిరాకరించిన అధికారి కారణం చెప్పనక్కరలేదు, చెప్పినా దాన్ని ప్రశ్నించే చోటు లేదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ మొదలుకొని ఆ సంస్థ తీర్మానాల్లో ఈ గస్తీ రద్దు కోరిక పదేపదే కనిపించడానికి కారణం ఇదే. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును అది లాంఛనంగా ఏర్పడకముందే నిషేధించారు. పుట్టని సంస్థ మీద నిషేధం విధించగల ప్రభుత్వానికి సభకు అనుమతి నిరాకరించడం పెద్ద పని కాదు. అయినా 1941లో నేటి కోదాడ ప్రాంతానికి దగ్గరలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది, ఆ సభతోనే సంస్థ పగ్గాలు వకీళ్లు, పండితుల చేతుల నుంచి రైతు సమస్యలు పట్టించుకునే యువకుల చేతుల్లోకి రావడం మొదలైంది.

ముందస్తు అనుమతి అనే ఈ పద్ధతి నిజాంతో పోలేదని ఇక్కడే చెప్పుకోవడం అవసరం. నేటికీ తెలుగు జిల్లాల్లో పోలీసు అధికారులు 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షను అమలులో ఉందని, అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు జరపరాదని పత్రికా ప్రకటనలు ఇస్తూనే ఉంటారు. తేడా ఉన్నది ఒక్క చోట: 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ వీధిలో సభకు అనుమతి తీసుకోవాలన్న నియమం తప్పు కాకపోయినా, ఏ కారణాల మీద నిరాకరించవచ్చో చెప్పకుండా అధికారి ఇష్టానికి వదిలేసే నియమం రాజ్యాంగంలోని 19వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. గస్తీ 53 ఈ పరీక్షకు నిలిచేది కాదు. కాని ఆ పరీక్ష అడగడానికి సూర్యాపేట వాసికి 1950 దాకా కోర్టు లేదు.

1946 నుంచి నడిచిన సాయుధ పోరాట చరిత్రను ఇక్కడ వివరించడం ఈ వ్యాసం పని కాదు. ఆ ఏడాది జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించడం, ఏడాది చివరి నెలల్లో సూర్యాపేట, జనగామ తాలూకాల మీదికి నిజాం సైన్యం రావడం, ఆంధ్ర మహాసభ మీద నిషేధం, మునగాల పరగణా సరిహద్దు శిబిరంగా మారడం పాఠకులకు తెలిసిన సంగతులే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం కోదాడ, మునగాలల మీదుగానే ముందుకు సాగింది. 15వ తేదీ నాటికి సూర్యాపేట దాని స్వాధీనమైంది, వెనుదిరిగిన నిజాం బలగాలు అక్కడి వంతెనను పేల్చివేశాయి. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత ఏర్పడిన మిలిటరీ ప్రభుత్వం, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా, రెండు వర్గాలను ఒకేసారి విచారణకు నిలబెట్టింది: రజాకార్లు, వారికి తోడ్పడిన అధికారులు ఒకవైపు; భూములు పంచుకుని తుపాకులు దించని కమ్యూనిస్టు దళాలు, వారికి అన్నం పెట్టిన పల్లెజనం మరోవైపు. ఈ రెండు వర్గాలకూ ఒకే చట్టం వర్తించింది. తరువాతి కథలోని చిక్కంతా అందులో నుంచే పుట్టింది.

ఆ చట్టం పేరు 1358 ఫసలీ నాటి 5వ రెగ్యులేషన్, అంటే ప్రత్యేక ట్రిబ్యునళ్ల నిబంధన. ఫసలీ పంటల లెక్క మీద ఏర్పడిన సంస్థానపు సంవత్సరం. హైదరాబాదులో అది అక్టోబరులో మొదలయ్యేది, 590 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది, కనుక 1358 ఫసలీ అంటే 1948-49. ట్రిబ్యునల్ అనేది సాధారణ సెషన్స్ కోర్టు కాదు, మిలిటరీ గవర్నరు నియమించిన న్యాయమండలి. సాధారణ పద్ధతిలో హత్యకేసు ముందుగా మేజిస్ట్రేటు వద్దకు వెళుతుంది. ఆయన సాక్ష్యాన్ని పరిశీలించి, కేసు నిలుస్తుందనుకుంటే పైకోర్టుకు అప్పగిస్తాడు. ఆ దశలోనే ముద్దాయికి తనమీద ఉన్న సాక్ష్యం ఏమిటో తెలుస్తుంది. ట్రిబ్యునళ్లలో ఈ దశను తీసివేశారు. సాక్షి చెప్పిన ప్రతి మాటా రాయనక్కరలేదు, సారాంశం రాసుకుంటే చాలు. వాయిదాలకు తావు తక్కువ. కేసును మరో కోర్టుకు మార్చమని, పైకోర్టు పునఃపరిశీలన చేయమని అడిగే దారులు కుదించుకుపోయాయి. హైకోర్టుకు అప్పీలు మాత్రం మిగిలింది. పల్లెల్లో పోరాటం ఇంకా ఆగలేదు, సాక్షులు చంపబడతారన్న భయం ఉంది కనుక త్వరితగతిన విచారణ కావాలన్న ప్రభుత్వ వాదనలో పస లేకపోలేదు. కాని త్వరపడవలసింది ఎక్కడో తేల్చుకోకుండా ఉరిశిక్ష పడే కేసులకూ అదే తొందర వర్తింపజేయడం ఆ నిబంధనలో అన్నిటికన్నా పెద్ద లోపం.

ఈ ట్రిబ్యునళ్లు 1949 ఆగస్టులో మూడు వేర్వేరు విచారణల్లో తెలంగాణ పల్లెల రైతులకు మరణశిక్షలు విధించాయి. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు అప్పీళ్లను కొట్టివేసింది. 'తెలంగాణ పన్నెండుమంది'గా దేశవిదేశాల్లో పేరుపడినవారు వీరే. మరి ఆరు వారాలకు, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంతకు రెండు నెలల ముందే, 1949 నవంబరు 23న, నిజాం తన ఫర్మానా ద్వారా ఆ రాజ్యాంగమే సంస్థానానికి వర్తిస్తుందని అంగీకరించాడు. హైదరాబాదు 'బి' తరగతి రాష్ట్రమైంది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, అంటే పాత సంస్థానాలకు గవర్నరు స్థానంలో ఉండే రాజ్యాధినేత. ఆ ఉదయానికి ఉరిశిక్ష పడిన రైతులు జైలులో బతికే ఉన్నారు. చట్టం ముందు సమానత్వం చెప్పే 14వ అధికరణం, చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ప్రాణం తీయరాదనే 21వ అధికరణం, ఇష్టమైన న్యాయవాది ద్వారా వాదించుకునే హక్కునిచ్చే 22వ అధికరణం అప్పటికి వారికీ వర్తించే హక్కులే. అవి వారిని కాపాడగలవా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నను సుప్రీంకోర్టు ముందుంచడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. బ్రిటిషు పార్లమెంటులో అంతకుముందు సభ్యుడిగా పనిచేసిన ఈ వామపక్ష బారిస్టరే రెండేళ్ల తరువాత కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున కపెంగురియా కోర్టులో వాదించాడు. జనార్దనరెడ్డి, ఇతరులు హైదరాబాదు రాష్ట్రం మీద వేసిన ఈ వ్యాజ్యం రెండు దశల్లో నడిచింది. మొదటి దశలో అడిగింది అప్పీలుకు అవకాశం. సుప్రీంకోర్టుకు రాజ్యాంగమిచ్చిన అధికారాల్లో 136వ అధికరణం విశాలమైనది: భారత భూభాగంలోని ఏ న్యాయస్థానం లేదా ట్రిబ్యునల్ ఇచ్చిన ఏ తీర్పు మీదనైనా ప్రత్యేక అనుమతితో అప్పీలు వినవచ్చునని అది చెబుతుంది. 1950 డిసెంబరు 14న కోర్టు ఇచ్చిన సమాధానం క్లుప్తంగా ఇది: 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు తీర్పు చెప్పిన నాడు హైదరాబాదు భారత భూభాగంలో భాగం కాదు, ఆనాటి తీర్పు ఆనాటికే అంతిమమై ముగిసింది, తరువాత వచ్చిన రాజ్యాంగం దానికి లేని అప్పీలును సృష్టించలేదు. పాత రాజ్యంలో హైకోర్టుకు పైన నిజాం జుడీషియల్ కమిటీ అనే మండలి ఉండేది, లండన్‌లో ప్రివీ కౌన్సిల్ చేసే పని ఇక్కడ అది చేసేది. రాజ్యాంగంలోని 374వ అధికరణం దాని ముందు పెండింగులో ఉన్న కేసులను సుప్రీంకోర్టుకు బదలాయించింది, కాని ఈ రైతుల అప్పీలు అక్కడ పెండింగులో లేదు కనుక ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

సైన్యం సూర్యాపేట దాటి రెండేళ్లు గడిచాక, భారత ప్రభుత్వం నియమించిన మిలిటరీ గవర్నరు చేసిన నిబంధన కింద, ఆయన నియమించిన ట్రిబ్యునల్ విధించిన శిక్షను గురించి, అది భారత భూభాగం కాని చోట జరిగిందని భారత సర్వోన్నత న్యాయస్థానం చెప్పవలసి రావడంలోని వైపరీత్యం ఎవరికైనా కనబడుతుంది. తర్కం దృష్టితో చూస్తే తీర్పులో తప్పు వెతకడం కష్టం. సంస్థానం చట్టరీత్యా దేశంలో కలిసిపోయింది 1950 జనవరి 26నే. కాని మునగాలతో పోల్చి చూస్తే దాని ఫలితం బోధపడుతుంది. అదే 1949లో అదే నేరారోపణ మీద మునగాలలో పట్టుబడిన రైతు కృష్ణా జిల్లా సెషన్స్ కోర్టుకు, అక్కడి నుంచి మద్రాసు హైకోర్టుకు పోయేవాడు. మద్రాసు 1947 నుంచీ భారత భూభాగమే కాబట్టి, ఈ ఒక్క అభ్యంతరం అతనికి అడ్డు వచ్చేది కాదు. కోదాడ వాసికీ మునగాల వాసికీ మధ్య ఉన్న కొద్దిమైళ్ల దూరం ఉరికొయ్య దగ్గర అంత తేడా తెచ్చింది.

రెండో దశలో ప్రిట్ 32వ అధికరణాన్ని ఆశ్రయించాడు. ప్రాథమిక హక్కు భంగమైందనుకున్న ఎవరైనా నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చునని ఆ అధికరణం చెబుతుంది. హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుంచి ఏ అధికారంతో బంధించారో చెప్పమనే ఆజ్ఞ, అందులోని ముఖ్య సాధనం. ఈ పిటిషన్ల మీద 1951 మార్చి 16న వెలువడిన తీర్పు రాసినది జస్టిస్ ఫజల్ అలీ. ఆయన పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. 1950 మే 19న ఎ.కె. గోపాలన్ కేసులో, విచారణ లేకుండా నిర్బంధించే పి.డి. యాక్టును మెజారిటీ న్యాయమూర్తులు ప్రధానంగా సమర్థించినప్పుడు, చట్టం అనే మాటలో సహజ న్యాయసూత్రాలు కూడా ఇమిడి ఉంటాయని విభేదించినవాడు ఆయన. 1951 జనవరిలో కేశవన్ మాధవ మీనన్ కేసులో, ప్రాథమిక హక్కులకు గతంమీద ప్రభావం ఉండదని, 1949లో మొదలైన ప్రాసిక్యూషన్ పాత ప్రెస్ చట్టం కింద కొనసాగవచ్చునని మెజారిటీ చెప్పినప్పుడు కూడా విభేదించినవాడు ఆయనే. ఆ కాలపు సుప్రీంకోర్టులో పౌరస్వేచ్ఛ పక్షాన అంత గట్టిగా నిలిచినవారు తక్కువ. అటువంటి న్యాయమూర్తి చేతిమీదుగానే ఈ పిటిషన్లు వీగిపోయాయి.

తీర్పులోని ప్రధాన వాదం ఇలా నడిచింది. జైలులో ఉన్న మనిషి నేరారోపణ మీద అధికారమున్న న్యాయస్థానం విధించిన శిక్షను అనుభవిస్తున్నాడని తేలితే, హెబియస్ కార్పస్ విచారణలో ఆ శిక్ష సరైనదా కాదా అని తిరగతోడడం కుదరదు. అది అప్పీలు పని. న్యాయవాది లేకుండానే విచారణ సాగిందన్నదే పిటిషన్లలోని ఆరోపణల్లో అన్నిటికన్నా బరువైనది. సంస్థానపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ముద్దాయికి వకీలును పెట్టుకునే హక్కునిచ్చింది, ఉరిశిక్ష పడగల కేసుల్లో వకీలు లేనివారికి ప్రభుత్వ ఖర్చుతో ఏర్పాటు చేసే పద్ధతీ ఉంది. ట్రిబ్యునల్ ఆ విషయం పట్టించుకుని ఉండవలసిందని సుప్రీంకోర్టు అంగీకరించింది. అయితే వకీలు లేనంత మాత్రాన ప్రతి విచారణా దానంతటదే చెల్లకుండా పోదని, ముద్దాయికి నిజంగా నష్టం జరిగిందో లేదో చూడవలసినది అప్పీలు కోర్టేనని తేల్చింది. అప్పీలు కోర్టు ఏది? 1949 డిసెంబరులో తీర్పు చెప్పి ముగించిన హైదరాబాదు హైకోర్టు. మొదటి దశ తీర్పు మూసిన ద్వారం దగ్గరికే రెండో దశ తీర్పు వారిని మళ్లీ పంపింది.

ఇదే ప్రశ్న 1932లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అలబామాలోని స్కాట్స్‌బరోలో విచారణకు నిలిచిన నల్లజాతి యువకులకు, వకీలు సహాయం సరిగా అందకుండానే, హడావుడి విచారణలో మరణశిక్షలు పడ్డాయి. పావెల్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో ఆ కోర్టు, చదువులేని నిరుపేద ముద్దాయికి మరణశిక్ష కేసులో న్యాయవాదిని ఏర్పాటు చేయకపోవడం న్యాయప్రక్రియను నిరాకరించడమేనని శిక్షలు రద్దు చేసింది. నల్లగొండ సీమ పల్లె రైతుకు స్కాట్స్‌బరో యువకుడికన్నా కోర్టు వ్యవహారం ఎక్కువ తెలుసుననుకోవడానికి ఆధారం లేదు. భారత సుప్రీంకోర్టు ఆ దారికి రావడానికి మరో పాతికేళ్లు పట్టింది: 1976లో రాజ్యాంగంలో ఉచిత న్యాయసహాయాన్ని ఆదేశించే 39ఎ అధికరణం చేరింది, 1978లో హోస్కోట్, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుల్లో పేద ముద్దాయికి న్యాయసహాయం 21వ అధికరణంలో భాగమని తేలింది.

పన్నెండుమందిని ఉరి తీయలేదు. దేశంలోనూ బయటా సాగిన ఆందోళన తరువాత వారి శిక్షలు యావజ్జీవ కారాగారంగా తగ్గాయి. ప్రాణాలు దక్కాయి, కాని దక్కింది క్షమాభిక్ష ద్వారా, అంటే రాజ్యాధినేత దయతలచి ఇచ్చే ఉపశమనం ద్వారా. హక్కుగా అడిగినది దొరకలేదు, ప్రార్థనగా అడిగినది దొరికింది. నిజాం కాలపు గస్తీలకు, ఫర్మానాలకు అలవాటుపడిన సీమకు ఇది కొత్త అనుభవం కాకపోవచ్చు, కాని రాజ్యాంగం వచ్చిన తరువాత జరిగినందువల్ల దీనికి వేరే విలువ కట్టాలి.

1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం తొలగలేదు కనుక మొదటి సాధారణ ఎన్నికల్లో దాని అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ ద్విసభ్య లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు వచ్చాయి, నెహ్రూకు వచ్చినవాటికన్నా అవి ఎక్కువ. సూర్యాపేటలో విద్యార్థి వసతిగృహం నడిపి, జైళ్లు చూసిన బొమ్మగాని ధర్మభిక్షం అక్కడి నుంచే శాసనసభకు ఎన్నికయ్యాడు. సభ్యులు నిన్నటి నిందితులు, సంస్థ మాత్రం ఇంకా నిషిద్ధం: ఇది ఆ ఎన్నికల విచిత్ర స్థితి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1952 మార్చి 31న, వి.జి. రో కేసులో సుప్రీంకోర్టు మద్రాసు ప్రభుత్వం ఒక సంఘాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించడానికి వాడిన నిబంధనను కొట్టివేసింది. సంఘం పెట్టుకునే హక్కు మీద పెట్టే ఆంక్ష సమంజసమా కాదా అన్నది ప్రభుత్వ అభిప్రాయానికి వదిలే విషయం కాదని, ఆంక్ష ఎంత తీవ్రమైనది, ఏ కీడును నివారించడానికి, ఏ పద్ధతిలో అన్నవి కోర్టే తూచి చూడాలని ఆ తీర్పు చెప్పింది. అప్పటికింకా కృష్ణా జిల్లాలోనే ఉన్న మునగాల పరగణాకు ఆ మద్రాసు చట్టమే వర్తించేది.

ట్రిబ్యునళ్ల నిబంధన కింద విచారణకు వచ్చిన రెండో వర్గం సంగతి మిగిలింది. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ, బీబీనగర్ కేసులో తనకు పడిన ఏడేళ్ల శిక్షను, ట్రిబ్యునల్ పద్ధతి 14వ అధికరణానికి విరుద్ధమన్న కారణంతో సవాలు చేశాడు. 1953 జనవరిలో సుప్రీంకోర్టు మెజారిటీ దాన్ని తోసిపుచ్చింది. రాజ్యాంగం తరువాత సాగిన విచారణలో ముద్దాయికి సాధారణ పద్ధతిలోని రక్షణలు సారాంశంలో దక్కాయని వారు భావించారు, జస్టిస్ వివియన్ బోస్ అందుకు ఒప్పుకోలేదు. రజ్వీ శిక్ష పూర్తిచేసి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వరంగల్ సుబేదారుగా, అంటే ఆ విభాగపు పై రెవెన్యూ అధికారిగా పనిచేసిన హబీబ్ మహమ్మద్ మీద 1947 డిసెంబరులో గుర్తూరు గ్రామంలో జరిగిన కాల్పులు, దహనాల ఆరోపణ ఉంది. ట్రిబ్యునల్ ఆయనను దోషిగా తేల్చింది. ఆయన కూడా మొదట రాజ్యాంగ వాదన చేసి ఓడిపోయాడు. కాని ఆయనకు శిక్ష పడింది 1950 జనవరి 26 దాటిన తరువాత, భారత భూభాగంలోని ట్రిబ్యునల్ నుంచి. హైకోర్టు తీర్పూ ఆ తరువాతదే. కనుక సుప్రీంకోర్టు అప్పీలు విన్నది, సాక్ష్యాన్ని చూసింది, సంఘటన స్థలంలో ఉన్న పోలీసు ఉన్నతాధికారి బియాబానీని ప్రాసిక్యూషన్ సాక్షిగా ప్రవేశపెట్టకపోవడం ముద్దాయికి తీరని అన్యాయమని భావించి, 1953 అక్టోబరులో శిక్షను రద్దు చేసింది.